మహావిస్ఫోటం ఎక్కడ జరిగింది, దాని కేంద్రం ఎక్కడుంది?

మీరు అడిగినదాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. పోటీ పరీక్షల కోసం మీరు చదివిన పుస్తకాలన్నింటిలోనూ విశ్వం ఒక బిందువు దగ్గర జరిగిన పేలుడుతో పుట్టిందని ఉన్నది, అలాగైతే ఆ బిందువు ఆకాశంలో ఏ దిక్కున ఉన్నదో ఎవరూ ఎందుకు చెప్పరన్నది మీ మొదటి ప్రశ్న. విశ్వం వయసు 1380 కోట్ల సంవత్సరాలే అయితే కనిపించే విశ్వం వ్యాసార్థం 4600 కోట్ల కాంతి సంవత్సరాలు ఎలా అయిందన్నది రెండోది. ఎవరూ చూడని మొదటి నిమిషాల గురించి ఇంత ధీమాగా మాట్లాడటం నమ్మకం అవుతుంది గానీ విజ్ఞానం ఎలా అవుతుందన్నది మూడోది. చివరగా, రెండు మార్కుల సమాధానంలో ఏమి రాయాలో కూడా అడిగారు.

సూటిగా చెబుతాను. మహావిస్ఫోటం ఏదో ఒక చోట జరగలేదు, అన్ని చోట్లా జరిగింది. మీరు కూర్చున్న గది, ఆండ్రోమెడా గెలాక్సీ, దూరదర్శినికి అందే చివరి గెలాక్సీ, ఇవన్నీ ఉన్న చోట్లు ఒకప్పుడు అత్యంత వేడిగా, అత్యంత సాంద్రంగా ఉండేవి. ఆ స్థితి నుంచి ప్రదేశమే సాగుతూ, చల్లబడుతూ వచ్చింది. ఖాళీగా ఉన్న చోట ఒక బాంబు పేలి ముక్కలు నలుదిక్కులా ఎగిరిపోయినట్లు ఊహించుకుంటే మీ మొదటి రెండు ప్రశ్నలకూ ఎప్పటికీ సమాధానం దొరకదు, ఎందుకంటే చిక్కంతా ఆ ఊహలోనే ఉన్నది. ఇక మూడో ప్రశ్నకు సమాధానం ఇది: సుమారు ఒక సెకను వయసు నుంచి ఇప్పటి వరకు జరిగిన కథకు గట్టి ఆధారాలున్నాయి, ఆ సెకనుకు ముందు కథకు ఆధారాలు వెనక్కి వెళ్లేకొద్దీ పలచబడతాయి, సున్నా క్షణం గురించి మన దగ్గర సిద్ధాంతమే లేదు.

నేను ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ, పీజీ తరగతులకు భౌతిక శాస్త్రం బోధించాను. మొదటి ఐదారేళ్లు నేను కూడా నల్లబల్ల మీద ఒక చుక్క పెట్టి, దాని చుట్టూ బాణాలు గీసి, ఇదే మహావిస్ఫోటం అని చెప్పిన వాణ్నే. ఒక ఏడాది వెనక బెంచీ విద్యార్థి ఒకడు లేచి, "సార్, ఆ చుక్క పక్కన ఖాళీగా ఉన్న బల్ల ఏమిటి?" అని అడిగాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ బల్ల అక్కడ ఉండకూడదు, ఆ బొమ్మే తప్పు అని ఒప్పుకొని, ఆ రోజు నుంచి చుక్క గీయడం మానేశాను.

దాని బదులు దర్జీ దుకాణంలో దొరికే ఎలాస్టిక్ పట్టీ ఒక మీటరు తీసుకొని, పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున పిన్నీసులు గుచ్చి తరగతికి తీసుకువెళ్లేవాణ్ని. ఇద్దరు పిల్లలు రెండు కొసలూ పట్టుకొని రెండింతలు అయ్యేదాకా లాగుతారు. ఏ పిన్నీసు దగ్గర నిలబడి కొలిచినా పక్కది 10 నుంచి 20 సెంటీమీటర్లకు, దాని అవతలిది 20 నుంచి 40కి, మూడోది 30 నుంచి 60కి జరిగి ఉంటుంది. అంటే ఎంత దూరంలో ఉన్నది అంత వేగంగా దూరమవుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, ప్రతి పిన్నీసుకూ తానే నడిమధ్యలో ఉన్నట్లు, మిగిలినవన్నీ తన నుంచి పారిపోతున్నట్లు అనిపిస్తుంది. పట్టీకి కొసలున్నాయి కదా అని మీరు అడగవచ్చు, ఉపమానం అక్కడితో ఆగిపోతుంది. కొసలు లేని పట్టీని, లేదా రెండు కొసలూ కలిపి కుట్టిన పట్టీని ఊహించుకోండి. అప్పుడు మధ్య అనే మాటకు అర్థమే ఉండదు.

ఇదంతా ఊహ కాదు, కొలిచి తెలుసుకున్నది. అమెరికాలోని లోవెల్ అబ్జర్వేటరీలో వెస్టో స్లైఫర్ 1912 నుంచి గెలాక్సీల వర్ణపటాలు తీయడం మొదలుపెట్టి, వాటిలో చాలా భాగం ఎరుపు వైపు జరిగి ఉన్నాయని గమనించారు. దీన్నే అరుణ భ్రంశం అంటారు, ఆ గెలాక్సీలు మన నుంచి దూరమవుతున్నాయనడానికి అది గుర్తు. 1922లో రష్యాకు చెందిన అలెగ్జాండర్ ఫ్రీడ్‌మన్ ఐన్‌స్టీన్ సమీకరణాల నుంచి విస్తరించే విశ్వం సాధ్యమేనని గణితపరంగా చూపించారు. 1927లో బెల్జియం క్రైస్తవ మతగురువు, భౌతిక శాస్త్రవేత్త జార్జ్ లెమైటర్ ఆ గణితాన్నీ స్లైఫర్ కొలతలనూ ఒకచోట చేర్చారు గానీ, దాన్ని అంతగా ప్రచారం లేని ఒక ఫ్రెంచి భాషా పత్రికలో అచ్చు వేయడంతో అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1929లో మౌంట్ విల్సన్ మీద ఉన్న 100 అంగుళాల దూరదర్శినితో ఎడ్విన్ హబుల్ దూరాలను కొలిచి, దూరం పెరిగేకొద్దీ వేగం పెరుగుతోందని ప్రకటించారు. పేరు చాలా కాలం హబుల్‌కే దక్కింది. 2018లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య దాన్ని హబుల్-లెమైటర్ నియమం అని పిలవాలని ఓటు వేసి సిఫార్సు చేసింది. పరీక్షలకు చదువుతున్నారు కాబట్టి ఈ పేరు గుర్తుంచుకోండి.

ఇక్కడ పుస్తకాలు దాటవేసే విషయం ఒకటున్నది. హబుల్ కొలిచిన దూరాలు ఘోరంగా తప్పు. ఆయన అంకెల ప్రకారం విశ్వం వయసు సుమారు 200 కోట్ల సంవత్సరాలే వస్తుంది, అంటే భూమి కంటే విశ్వమే చిన్నదవుతుంది. తండ్రి కంటే కొడుకు పెద్దవాడైన ఈ చిక్కు కారణంగానే 1948లో ఫ్రెడ్ హాయిల్, హెర్మన్ బాండీ, థామస్ గోల్డ్ విశ్వానికి ఆరంభమే లేదనే స్థిరస్థితి సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది బీబీసీ రేడియో ప్రసంగంలో ఎదుటి సిద్ధాంతాన్ని 'బిగ్ బ్యాంగ్' అని పేర్కొన్నది కూడా ఆ హాయిలే. అంటే మీరు చదువుతున్న పేరు ఆ సిద్ధాంతాన్ని నమ్మని మనిషి పెట్టినది. పేలుడు అనే తప్పుడు చిత్రం మన బుర్రల్లో పాతుకుపోవడానికి ఆ పేరే సగం కారణమని నా అభిప్రాయం. దాన్ని మనం మహావిస్ఫోటం అని తెలుగులోకి తెచ్చుకొని ఆ చప్పుడును ఇంకాస్త పెంచాం. హాయిల్‌తో కలిసి పనిచేసిన మన ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ కూడా చివరిదాకా ఈ సిద్ధాంతాన్ని ప్రశ్నిస్తూనే వచ్చారు. ఆధారాలు ఆయన పక్షాన నిలవలేదని నేను అనుకుంటాను గానీ, ఆయన వేసిన ప్రశ్నలకు జవాబు వెతకడం వల్లనే నాకు ఈ విషయం సరిగా అర్థమైందని చెప్పక తప్పదు.

1380 కోట్లు, 4600 కోట్ల లెక్క. మళ్లీ ఆ ఎలాస్టిక్ పట్టీనే తీసుకోండి. దాని మీద ఒక చీమ నిలకడైన వేగంతో మీ వైపు పాకుతూ ఉండగా పట్టీ సాగుతూనే ఉన్నది. చీమ మీ వేలిని చేరేసరికి అది బయలుదేరిన చోటు ఎంత దూరం పోయి ఉంటుంది? చీమ పాకిన కాలాన్ని దాని వేగంతో గుణిస్తే వచ్చే దూరం కంటే చాలా ఎక్కువ. కాంతి విషయంలోనూ జరిగింది ఇదే. మనకు ఈనాడు అందుతున్న అత్యంత పాత కాంతి బయలుదేరిన చోటు, అది బయలుదేరిన నాడు మనకు దాదాపు 4 కోట్ల 20 లక్షల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉండేది. మధ్యలో ప్రదేశం సుమారు 1090 రెట్లు సాగడంతో ఆ కాంతికి ఇక్కడికి చేరడానికి 1380 కోట్ల సంవత్సరాలు పట్టింది, ఆ చోటు ఈలోగా 4500 కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరానికి వెళ్లిపోయింది. ఏ వస్తువూ తన పక్కన ఉన్న కాంతి కిరణాన్ని దాటిపోలేదు కాబట్టి సాపేక్షతా సిద్ధాంతానికి భంగమేమీ లేదు. ఐన్‌స్టీన్ విధించిన హద్దు ప్రదేశంలో ప్రయాణించే వాటికి వర్తిస్తుంది, ప్రదేశం సాగే రేటుకు కాదు.

దీనికి అనుబంధంగా ఎప్పుడూ వచ్చే సందేహం ఒకటుంది: అన్నీ సాగుతుంటే మనం, మన ఇల్లు, సౌర కుటుంబం కూడా సాగుతున్నాయా? లేదు. నువ్వులు అద్దిన పిండిని కర్రతో ఒత్తుతుంటే నువ్వుల మధ్య ఎడం పెరుగుతుంది గానీ నువ్వు గింజ పెద్దది కాదు. గురుత్వాకర్షణతోనో విద్యుత్ బలంతోనో గట్టిగా కట్టుబడి ఉన్నవి ఈ విస్తరణలో పాల్గొనవు. 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఆండ్రోమెడా అయితే ఏకంగా మన వైపే వస్తోంది. శీతాకాలపు రాత్రుల్లో పిల్లలకు దాన్ని దూరదర్శినిలో చూపించి ఈ మాట చెబితే, "అయితే విశ్వం కుంచించుకుపోతున్నట్లే కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పక్కింటాయన మన ఇంటికి వస్తున్నాడని ఊరంతా మన ఇంటికి వస్తున్నట్లు కాదని చెబుతుంటాను.

ఇక మీ మూడో ప్రశ్న. నాకు అన్నింటికంటే ఇష్టమైన భాగం ఇదే కాబట్టి కాస్త ఎక్కువసేపు ఇక్కడ ఆగుతాను.

విశ్వం వయసు ఒక సెకను ఉన్నప్పుడు ఉష్ణోగ్రత సుమారు 1000 కోట్ల డిగ్రీలు. సూర్యుడి నడిబొడ్డున ఉన్నది కోటిన్నర డిగ్రీలే. వయసు వంద రెట్లయితే వేడి పదో వంతుకు పడిపోతుంది, అంటే 100 సెకన్లకు 100 కోట్ల డిగ్రీలు. ఇది లెక్క కట్టడానికి కొత్త భౌతిక శాస్త్రమేదీ అక్కర్లేదు, ఆ వేడి దగ్గర ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఎలా ప్రవర్తిస్తాయో మనం ప్రయోగశాలల్లో కొలిచే ఉన్నాం. న్యూట్రాన్ ప్రోటాన్ కంటే రవ్వంత బరువెక్కువ కాబట్టి చల్లబడేకొద్దీ న్యూట్రాన్ల సంఖ్య తగ్గుతూ వచ్చి, ఒక సెకను ప్రాంతంలో ఆరు ప్రోటాన్లకు ఒక న్యూట్రాన్ చొప్పున నిలిచింది. ఒంటరి న్యూట్రాన్ సగటు ఆయుష్షు 15 నిమిషాల లోపే కాబట్టి తర్వాతి రెండు మూడు నిమిషాల్లో మరికొన్ని రాలిపోయి, ఏడు ప్రోటాన్లకు ఒకటి మిగిలింది. అప్పటికి ఒక ప్రోటాన్, ఒక న్యూట్రాన్ కలిసిన డ్యుటీరియం కేంద్రకం పగిలిపోకుండా నిలిచేంతగా విశ్వం చల్లబడింది, మిగిలిన న్యూట్రాన్లు దాదాపు అన్నీ హీలియంలో చేరిపోయాయి.

ఇప్పుడు ఒక కాగితం తీసుకోండి. 14 ప్రోటాన్లు, 2 న్యూట్రాన్లు ఉన్నాయి. రెండు న్యూట్రాన్లు రెండు ప్రోటాన్లతో కలిసి ఒక హీలియం కేంద్రకం అవుతాయి, 12 ప్రోటాన్లు హైడ్రోజన్‌గా మిగులుతాయి. మొత్తం బరువు 16లో హీలియం వాటా 4, అంటే 25 శాతం. నక్షత్రాలు అంతగా కలుషితం చేయని చిన్న గెలాక్సీలలో వాయువును పరీక్షిస్తే అక్కడ కూడా బరువులో హీలియం 24, 25 శాతమే కనిపిస్తుంది. నాలుగైదు అంకెలతో, కాలిక్యులేటర్ లేకుండా వేసిన లెక్క కోట్ల కాంతి సంవత్సరాల అవతల సరిపోతోంది. నమ్మకానికీ విజ్ఞానానికీ తేడా ఎక్కడ ఉందని మీరు అడిగారు కదా, నేనైతే ఈ కాగితం చూపిస్తాను.

హీలియం పేరు వచ్చింది కాబట్టి తెలుగు వాళ్లం తెలుసుకోవలసిన సంగతి ఒకటి చెబుతాను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రాన్స్ నుంచి వచ్చిన పియర్ జాన్సెన్ తన పరికరాలను గుంటూరులో అమర్చుకొని, సూర్యుడి అంచున లేచే జ్వాలల వర్ణపటంలో వెలిగే గీతలను చూశారు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన నార్మన్ పోగ్సన్ అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో చూశారు. అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అందులోని పసుపు గీత సోడియంది కాదని తేల్చారు. ఆ కొత్త మూలకానికి సూర్యుడి గ్రీకు పేరు మీద హీలియం అనే పేరు వచ్చింది. భూమి మీద అది 1895లో గానీ దొరకలేదు. ఆనాడు గుంటూరు ఆకాశంలో వెలిగిన ఆ హీలియంలో అత్యధిక భాగం సూర్యుడు తయారు చేసినది కాదు, సూర్యుడు పుట్టేనాటికే ఉన్నది, అందులోనూ సింహభాగం మొదటి మూడు నిమిషాల సరుకు.

హీలియంతో ఆగకుండా కార్బన్, ఇనుము కూడా అప్పుడే ఎందుకు తయారు కాలేదు? 1948లో జార్జ్ గామోవ్, రాల్ఫ్ ఆల్ఫర్ మూలకాలన్నీ అప్పుడే తయారయ్యాయనే ఆశతోనే లెక్కలు మొదలుపెట్టారు. కానీ 5, 8 ద్రవ్యరాశి సంఖ్యలతో నిలకడగల కేంద్రకాలు లేవు, మెట్ల వరుసలో రెండు మెట్లు విరిగిపోయినట్లు. పైగా, చాలామంది ఊహించని విషయమేమంటే, ఆ 100 కోట్ల డిగ్రీల వేడిలో ప్రోటాన్లు, న్యూట్రాన్ల సాంద్రత మనం పీల్చే గాలి సాంద్రత కంటే కూడా తక్కువ, అప్పటి బరువంతా కాంతిదీ, న్యూట్రినోలనే అతి తేలికైన కణాలదే. అంత పలచని చోట మూడు హీలియం కేంద్రకాలు ఒకేసారి కలుసుకోవడం దాదాపు అసాధ్యం. కార్బన్ నక్షత్రాల గర్భంలో తయారవుతుందని చూపించింది ఎవరనుకున్నారు? మళ్లీ ఆ హాయిలే. హీలియం ఇంత పెద్ద మొత్తంలో నక్షత్రాల నుంచి రావడం సాధ్యం కాదని 1964లో రోజర్ టేలర్‌తో కలిసి లెక్క కట్టినదీ ఆయనే. తాను కాదన్న సిద్ధాంతానికి తన చేతులతోనే గోడలు కట్టిన మనిషి ఆయన.

డ్యుటీరియం కథ ఇంకా గట్టిది. నక్షత్రాలు దాన్ని తగలేస్తాయే గానీ మిగలనివ్వవు, కాబట్టి ఈనాడు ఎక్కడ కనిపించినా అది దాదాపు పూర్తిగా మొదటి నిమిషాలదే. లక్ష హైడ్రోజన్ పరమాణువులకు రెండున్నర చొప్పున ఆదిలో మిగిలిన ఆ డ్యుటీరియం, మన భూమి నీటిలో కాస్త చిక్కబడి ఉంది. మణుగూరులోని భారజల కర్మాగారం గోదావరి నీటి నుంచి వేరు చేసేది దాన్నే. ఆ కర్మాగారం చూడటానికి విద్యార్థులతో వెళ్లేవాళ్లు ఎవరైనా ఉంటే, అక్కడి సరుకు తయారీ తేదీ 1380 కోట్ల ఏళ్ల నాటిదని పిల్లలకు చెప్పండి.

3 లక్షల 80 వేల సంవత్సరాలు. హీలియం తయారైన తర్వాత చాలా కాలం చెప్పుకోదగ్గ సంఘటనలేమీ లేవు. ఎలక్ట్రాన్లు విడివిడిగా తిరుగుతూ కాంతిని అడుగడుగునా చెదరగొట్టడంతో విశ్వమంతా వెలిగే పొగమంచులా ఉండేది. ఉష్ణోగ్రత సుమారు 3000 డిగ్రీలకు దిగాక ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి పరమాణువులయ్యాయి, పొగమంచు విడిపోయింది, కాంతికి దారి దొరికింది. ఇది 3000 డిగ్రీల దగ్గరే ఎందుకు జరిగిందన్న ప్రశ్నకు మొదటి సమాధానం కలకత్తాలో 1920లో మేఘనాథ్ సాహా రాసిన అయనీకరణ సమీకరణంలో ఉంది. హైడ్రోజన్ నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడబెరికే శక్తిని నేరుగా ఉష్ణోగ్రతగా మారిస్తే లక్షన్నర డిగ్రీలు వస్తుంది. కానీ ఒక్కో పరమాణువుకు దాదాపు 160 కోట్ల ఫోటాన్లు, అంటే కాంతి కణాలు, ఉన్నాయి కాబట్టి, సగటు ఫోటాన్ బలహీనపడిన తర్వాత కూడా ఆ గుంపులో పరమాణువును పగలగొట్టగల బలవంతులు కొందరు మిగులుతూనే ఉంటారు. వాళ్లు కూడా కనుమరుగు కావాలంటే చాలా చల్లబడాలి. సాహా సమీకరణం ఇక్కడ మొదటి అంచనా మాత్రమే ఇస్తుంది. అసలు ప్రక్రియ సమతాస్థితి నుంచి తప్పి నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి ఖచ్చితమైన లెక్క 1968లో జేమ్స్ పీబుల్స్, సోవియట్ దేశంలో జెల్డోవిచ్ బృందం చేయవలసి వచ్చింది. పీబుల్స్‌కు 2019లో నోబెల్ వచ్చింది.

ఆనాడు బయలుదేరిన కాంతి సాగి సాగి మైక్రోవేవ్‌గా మారి ఈనాటికీ అన్ని దిక్కుల నుంచి వస్తోంది. అలాంటి వికిరణం మిగిలి ఉండాలని, దాని ఉష్ణోగ్రత 5 కెల్విన్ ప్రాంతంలో ఉండాలని ఆల్ఫర్, రాబర్ట్ హెర్మన్ 1948లోనే చెప్పారు. ఎవరూ వెతకలేదు. 1964లో న్యూజెర్సీలోని హోమ్‌డెల్‌లో బెల్ ల్యాబ్స్ కొమ్ము యాంటెన్నాతో పనిచేస్తున్న ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్‌లకు ఎటు తిప్పినా పోని ఒక సన్నని రొద తగిలింది. లోపల కాపురం పెట్టిన పావురాలను తోలి, వాటి రెట్టలు కడిగినా అది పోలేదు. అదే మైక్రోవేవ్ నేపథ్య వికిరణం. 1978లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. పాత టీవీలో ప్రసారం ఆగిపోయాక తెర మీద కనిపించే చుక్కల గోలలో కూడా దీని వాటా ఒక శాతం దాకా ఉండేది. మీ గదిలో పాచిక అంత జాగాలో ఈ క్షణాన ఆ ఫోటాన్లు సుమారు 410 ఉన్నాయి. మహావిస్ఫోటం మీ గదిలోనూ జరిగిందని మొదట్లో నేను అన్నది అలంకారం కాదు.

1989లో ఎగిరిన కోబే ఉపగ్రహం ఈ వికిరణపు ఉష్ణోగ్రతను 2.7 కెల్విన్‌గా అచ్చుగుద్దినట్లు కొలిచి, 1992లో అందులో లక్షలో ఒక వంతు హెచ్చుతగ్గులను కూడా చూపించింది. ఆ లక్షలో ఒక వంతు తేడాలే పెరిగి పెరిగి గెలాక్సీలయ్యాయి. తర్వాత వచ్చిన ప్లాంక్ ఉపగ్రహం ఆ ముడతలను ఎంత సూక్ష్మంగా కొలిచిందంటే, సాధారణ పదార్థం 5 శాతం, కాంతినివ్వని కృష్ణ పదార్థం 27 శాతం, విస్తరణ వేగాన్ని పెంచే కృష్ణ శక్తి 68 శాతం అనే వాటాలు అందులోంచే తేలాయి. అందులోని 5 శాతం, డ్యుటీరియం లెక్క నుంచి వచ్చే అంకెతో సరిపోతుంది. ఒకటి మూడు నిమిషాల నాటి సాక్ష్యం, మరొకటి 3 లక్షల 80 వేల సంవత్సరాల నాటి సాక్ష్యం. ఒకరినొకరు ఎరుగని ఇద్దరు సాక్షులు ఒకే మాట చెబితే కోర్టు కూడా నమ్ముతుంది.

ఒక సెకనుకు ముందు. ఇక్కడి నుంచి నా గొంతు కాస్త తగ్గిస్తాను. ఈనాడు మనకు కనిపించే విశ్వమంతా ఒక సెకను వయసులో సుమారు పది కాంతి సంవత్సరాల వ్యాసార్థంలో ఉండేది. అది బిందువు కాదని గమనించండి. కనిపించే భాగమే అంత, మొత్తం విశ్వం అంతకంటే ఎన్ని రెట్లో, అసలు అనంతమో, మన కొలతలు తేల్చలేవు. ఇంకా వెనక్కి వెళితే ఒక చిక్కు వస్తుంది. ఆకాశంలో ఎదురెదురు దిక్కుల నుంచి వచ్చే నేపథ్య వికిరణం ఒకే ఉష్ణోగ్రతతో ఉన్నది, కానీ మామూలు విస్తరణే జరిగి ఉంటే ఆ రెండు చోట్లకూ అప్పటికి ఒకదాని వేడి మరొకదానికి అందే అవకాశమే లేదు. ముఖపరిచయం లేని ఇద్దరు విద్యార్థుల జవాబు పత్రాలు అక్షరం పొల్లుపోకుండా కలిస్తే పరీక్షకుడికి ఏ అనుమానం వస్తుందో ఇక్కడా అదే వచ్చింది.

1980 ప్రాంతంలో సోవియట్ దేశంలో అలెక్సీ స్టారోబిన్‌స్కీ, అమెరికాలో ఆలన్ గుత్, ఆ తర్వాత ఆండ్రే లిండే తదితరులు ప్రతిపాదించిన ద్రుత విస్తరణ దీనికి ఒక సమాధానం. సెకనును 1 పక్కన 30కి పైగా సున్నాలు పెట్టిన సంఖ్యతో భాగిస్తే వచ్చేంత కాలంలోనే ప్రదేశం కనీసం 1 పక్కన 26 సున్నాలంత రెట్లు సాగిపోయిందని అది చెబుతుంది. అలాగైతే ఆ రెండు చోట్లూ అంతకు ముందు పక్కపక్కనే ఉండి ఒకే వేడికి వచ్చినవే. గెలాక్సీలకు విత్తనాలైన హెచ్చుతగ్గులు ఏ తీరులో ఉండాలో కూడా ఈ ప్రతిపాదన ముందే చెప్పింది, ప్లాంక్ కొలతలు దానితో చక్కగా కలిశాయి. అయినా ద్రుత విస్తరణను నడిపినది ఏమిటో తెలియదు, దాని నిశ్చయమైన గుర్తుగా భావించే ఆదిమ గురుత్వ తరంగాలు ఇంకా దొరకలేదు. 2014లో దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్ బృందం అవి దొరికాయని ప్రకటించింది. నేను కూడా ఆ వారం తరగతిలో ఉత్సాహంగా చెప్పేశాను. మరుసటి ఏడాదికి ఆ సంకేతంలో ఎక్కువ భాగం మన పాలపుంతలోని ధూళిదేనని తేలింది. అదే తరగతికి వెళ్లి ఆ మాటా చెప్పాను. కాబట్టి ద్రుత విస్తరణను 'బాగా పనిచేస్తున్న ప్రతిపాదన' అనండి, 'రుజువైంది' అనకండి.

సున్నా క్షణం గురించి ఒక్క మాట. 1955లో మన అమల్ కుమార్ రాయచౌధురి రాసిన సమీకరణం ఆధారంగా పెన్‌రోజ్, హాకింగ్ సాధారణ సాపేక్షత ప్రకారం వెనక్కి వెళితే సాంద్రత అనంతమయ్యే స్థితి తప్పదని చూపించారు. పుస్తకాల్లో 'బిందువు' అంటున్నది ఈ స్థితినే. కానీ భౌతిక శాస్త్రంలో అనంతం వచ్చిందంటే ప్రకృతిలో అనంతం ఉన్నదని కాదు, మన సిద్ధాంతం పరిధి దాటి వచ్చామని అర్థం. అక్కడ గురుత్వాకర్షణకు క్వాంటం సిద్ధాంతం కావాలి, అది మన చేతిలో లేదు. అంతకు ముందు ఏముందన్న ప్రశ్నకు ఈనాడు ఎవరైనా ఖచ్చితమైన సమాధానం చెబితే, అది వాళ్ల ఇష్టం అనుకోండి.

తేలని విషయాలు ఆ సెకను తర్వాతి కథలో కూడా కొన్ని ఉన్నాయి. ఆదిలో తయారైన లిథియం లెక్క ప్రకారం ఉండవలసిన దానిలో పాత నక్షత్రాలలో మూడో వంతే కనిపిస్తోంది. విస్తరణ రేటు నేపథ్య వికిరణం నుంచి లెక్కిస్తే 67, పేలిపోయే నక్షత్రాలైన సూపర్‌నోవాల దూరాల నుంచి కొలిస్తే 73 వస్తోంది. అంటే 32 లక్షల 60 వేల కాంతి సంవత్సరాల దూరానికి సెకనుకు అన్ని కిలోమీటర్ల వేగం. ఈ తేడాను, జేమ్స్ వెబ్ దూరదర్శిని ఊహించిన దానికంటే ముందే వెలిగిన గెలాక్సీలను చూపించడాన్ని పట్టుకొని 'బిగ్ బ్యాంగ్ కూలిపోయింది' అని వీడియోలు చేసేవాళ్లున్నారు. గెలాక్సీలు ఎంత త్వరగా తయారయ్యాయన్నది వేరే తగాదా, హీలియం 25 శాతం లెక్కను అది తాకదు కూడా.

ఇక మీ రెండు మార్కులు. నేనైతే ఇలా రాస్తాను: "సుమారు 1380 కోట్ల సంవత్సరాల క్రితం విశ్వమంతటా అత్యధిక ఉష్ణోగ్రత, సాంద్రతలు గల స్థితి ఉండేదని, అప్పటి నుంచి ప్రదేశం విస్తరిస్తూ చల్లబడుతోందని చెప్పే సిద్ధాంతమే మహావిస్ఫోట సిద్ధాంతం. గెలాక్సీల అరుణ భ్రంశం, మైక్రోవేవ్ నేపథ్య వికిరణం, హైడ్రోజన్-హీలియం నిష్పత్తి దీనికి ప్రధాన ఆధారాలు." బహుళైచ్ఛిక ప్రశ్నలో మాత్రం 'ఒక బిందువు నుంచి జరిగిన విస్ఫోటం' తప్ప దగ్గరగా వచ్చే ఐచ్ఛికం వేరేది లేకపోతే దాన్నే గుర్తించి మార్కు తెచ్చుకోండి, ప్రశ్నపత్రం తయారు చేసినవారు బహుశా నేను చుక్కలు గీసిన కాలంలో నా దగ్గరే చదువుకొని ఉంటారు.